ఎడమకి లాగే కారు

కారుకి ఏ రోగమూ లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే మీరు కూడా ఆ ఆదివారం సభవాళ్ళలాగే టైర్లలో గాలి చూడమనీ, బ్రేకులు విప్పించమనీ నాకు సలహాలు మొదలుపెడతారు. కారు నిక్షేపంలా ఉంది. రోగమల్లా దాన్ని నడిపే మనిషిలో ఉంది. ఆ సంగతి తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. పోనీ, మధ్యలో ఎవరైనా దుర్మార్గుడు దూరి చేశాడా అంటే అదీ లేదు. అందరూ మంచివాళ్ళే, అందరూ ఆయన బాగు కోరినవాళ్ళే. అందుకే టైలరమ్మకి ఇప్పటికీ ఎవర్ని తిట్టుకోవాలో తెలీదు.

టైలరమ్మ అంటే వీధివీధంతా పిలిచే పేరు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, గోడపొడుగునా కొక్కేలకి వేలాడే బట్టలు, నేలమీద ఎప్పుడూ దారం ముక్కలు. ఆవిడ కుట్టిన చొక్కా భుజం దగ్గర పలక కట్టినట్టు కూర్చుంటుందని పేరు. వాళ్ళాయనది నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపు. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడితే అద్దాలు పగిలిపోతాయేమో అన్నట్టు మాట్లాడతాడు. ఒక్క కారు విషయంలోనే ఆయనకి నోరొస్తుంది. పొద్దున్నే లేచి ఆ బూడిదరంగు కారుని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తేగానీ టీ తాగడు.

"నాకంటే ముందు ఈ కారు కనబడుంటే దీన్నే కట్టుకునేవారు మీరు," అనేది టైలరమ్మ.

"అది నోరెత్తదుగా మరి," అనేవాడు ఆయన.

అలాంటి కారు నోరెత్తింది. ఒక ఆదివారం పొద్దున పెట్రోలుబంకు వెనక మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపి, దిగి, తలుపు వేసి, "ఎడమకి లాగుతోందిరా," అన్నాడు ఆయన.

ఆ షెడ్డు ముందు ప్రతి ఆదివారం కార్లున్న నలుగురూ చేరతారు. దానికి సభ అని పేరు పెట్టింది టైలరమ్మే, వెటకారంగా. సభకి పెద్ద టైలరమ్మ సొంత తమ్ముడే. వాడికి డ్రైవింగ్ స్కూలు ఉంది. వాడి తర్వాత పళ్ళడాక్టరు, ఆ తర్వాత షెడ్డు సొంతదారు మెకానిక్. మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆ సభకి ఒక దిక్కుమాలిన నియమం ఉంది. ఎవరైనా బండి తెచ్చి జబ్బు చెబితే, ఉన్న ప్రతివాడూ ఒక కారణం చెప్పి తీరాలి. 'తెలీదు' అనకూడదు. అన్నవాడు అందరికీ టీ పోయించాలి. టీ ఏపాటిది చెప్పండి! కానీ పరువు పోతుందిగా. అందుకని ఆ షెడ్డు ముందు 'తెలీదు' అన్న మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

"గాలి," అన్నాడు పళ్ళడాక్టరు వెంటనే. "ఎడమ ముందు టైర్లో గాలి తగ్గుంటుంది."

"రోడ్డు బావా," అన్నాడు తమ్ముడు. "నీళ్ళు పోవడానికి రోడ్డుని అంచువైపు వాలుగా వేస్తారు. బండి ఆ వాలుకి జారుతుంది. అందరికీ ఉండేదే."

"చక్రాల అలైన్‌మెంటు," అన్నాడు మెకానిక్. వాడికి దేనికైనా అదే ముందు నోట్లోకొస్తుంది.

గాలి కొట్టారు. తగ్గలేదు. అలైన్‌మెంటు చేశారు. రెండ్రోజులు బావుందన్నాడు ఆయన, మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాతి ఆదివారం ముందు టైర్లు రెండూ అటుదిటూ ఇటుదటూ మార్చారు. లాగుడు టైరుదైతే అప్పుడు కుడికి లాగాలట. లాగలేదు. ఆ పై ఆదివారం బ్రేకు పట్టేస్తోందేమోనని ఊరిచివరిదాకా నడిపి, దిగి, నలుగురూ నాలుగు చక్రాల దగ్గర గొంతుకూర్చుని, జ్వరం చూసినట్టు చేతులు పెట్టి చూశారు. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. ఆ నాలుగు చేతుల్లో ఒక్కటైనా, పక్కనే నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకుని చూసుంటే! ఎవరికి తడుతుంది? కారు జబ్బుకి మనిషి చెయ్యి ఎవడు చూస్తాడు?

ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది.

"ఏమే, ఈ చొక్కా ఎడమ భుజం జారుతోంది. నీ కత్తెరకి వయసొచ్చిందా?" అన్నాడు ఆయన అద్దం ముందు నిలబడి.

టైలరమ్మకి చర్రున కోపమొచ్చింది. ఇన్నేళ్ళుగా ఊరందరికీ కుట్టిన చెయ్యి, కట్టుకున్నవాడి చొక్కా దగ్గర తప్పుతుందా? చూస్తే నిజమే. ఎడమవైపు మెడపట్టీ లేచి భుజం కిందకి జారింది. కుట్లు విప్పి మళ్ళీ వేసింది. జారింది. కొత్తగుడ్డ తెచ్చి కొత్తగా కత్తిరించింది. అదీ జారింది. ఆవిడ పంతం అలాంటిలాంటిది కాదు. చివరికి ఎడమ భుజం లోపల మెత్తటి గుడ్డ మడతపెట్టి, పైకి కనబడకుండా సన్నగా కుట్టేసింది. అప్పుడు కూర్చుంది చొక్కా పలకలా. "ఇప్పుడు చెప్పండి, కత్తెరకా వయసొచ్చింది?" అంది నడుంమీద చెయ్యేసుకుని. ఆయన నవ్వి, "తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

ఎడమకాలి చెప్పు ఊడి వెనక ఉండిపోయేది. చెప్పు వదులైందని కొత్తజత కొన్నారు. పొద్దున లేస్తూనే తలనొప్పి అనేవాడు. కళ్ళజోడు పవరు మారిందని తనే షాపులో కూర్చుని కళ్ళు పరీక్ష చేసుకుని, తనే అద్దాలు మార్చుకున్నాడు. చూడండి, ఎవరికి వాళ్ళకి ఎవరి పనిముట్టు గుర్తొచ్చింది. చేతిలో ఏదో ఒక పని ఉన్నవాళ్ళంతా ఇంతే కాబోలు. ఏ పనీ రాని మనిషి ఒక్కడుంటే, "ఒకసారి ఆసుపత్రికి వెళ్ళండయ్యా," అని ఉండేవాడు.

ఇంటిగేటు స్తంభానికి కారు ఎడమవైపు గీసుకుంది. "గేటు పక్కకి జరిగిందే," అన్నాడు ఆయన నవ్వుతూ. ఆవిడా నవ్వింది. ఆదివారం సభలో అది పెద్ద జోకైంది. "గేటుకి అలైన్‌మెంటు చేయించు బావా," అన్నాడు తమ్ముడు. పళ్ళడాక్టరు మాత్రం ఎడమ పక్కద్దాన్ని కాస్త బయటికి తిప్పి పెట్టి, ఇలా ఉంచుకోండి, స్తంభం బాగా కనబడుతుందని సలహా ఇచ్చాడు.

ఇంతలో మెకానిక్ ఒకరోజు కారు తీసుకుని ఒక్కడే పెద్దరోడ్డు మీదకి వెళ్ళొచ్చాడు. రెండు చేతులూ వదిలేసి నడిపి చూశాడు. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. ఆ మాటే వచ్చి చెప్పాడు.

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?" అన్నాడు ఆయన. అంత గట్టిగా ఆయన మాట్లాడడం మెకానిక్ ఎప్పుడూ వినలేదు. "రోజూ నడిపేది నేనా, నువ్వా?"

మెకానిక్ బిక్కచచ్చిపోయాడు. పాత ఖాతాదారు, నెమ్మదస్తుడు, తన పిల్లలకి ఊరికే కళ్ళజోళ్ళిచ్చిన మనిషి. అలాంటాయన్ని బాధపెట్టడం ఎందుకనుకున్నాడు. షెడ్డులోకి తీసుకెళ్ళి, ముందుచక్రాల వాటం కావాలని కొంచెం కుడికి మార్చి పెట్టాడు. తిన్నగా ఉన్న బండిని వంకర చేశాడన్నమాట. ఎవరికీ చెప్పలేదు. "ఇప్పుడు చూడండి సార్," అని తాళాలిచ్చాడు.

ఆయన ఆనందం చూడాలి! ఆ సాయంత్రం టైలరమ్మని మిషను ముందునుంచి చెయ్యిపట్టి లేపి, "పద, అలా తిరిగొద్దాం," అన్నాడు. ఏటిగట్టు వెంబడి పోయారు. గాలి చల్లగా ఉంది. కారు తీగ లాగినట్టు తిన్నగా పోతోంది. "చూశావా? చూశావా?" అని పదిసార్లు అన్నాడు. ఆవిడకి కారు తిన్నగా పోతే ఏమిటి, వంకరగా పోతే ఏమిటి, ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఎంతకాలమైందో! ఆయన కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచెయ్యి దానిమీద ఊరికే అలా వేలాడేసి నడుపుతున్నాడు. "అబ్బో, కుర్రతనం వచ్చిందే! ఒంటిచేత్తో నడపడం ఎవరికి చూపిద్దామని?" అంది ఆవిడ. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ చెయ్యి బరువెక్కి వేలాడుతోందనీ, ఆ బరువే స్టీరింగుని ఎడమకి దించుతోందనీ ఆవిడకెలా తెలుస్తుంది? ఆ సాయంత్రం మాత్రం హాయిగా గడిచింది. అది గుర్తొస్తే ఇప్పుడు ఆవిడ గుండెల్ని ఎవరో పిండినట్టుంటుంది.

తర్వాత కొన్నాళ్ళు అంతా సర్దుకుంది. కారు తిన్నగా పోతోంది, చొక్కా తిన్నగా కూర్చుంటోంది. ఇంక ఆయనకి ఏ లోటూ లేదన్నట్టు అందరూ వాళ్ళ వాళ్ళ పనుల్లో పడ్డారు. లోపలున్న జబ్బు మాత్రం దాని పని అది చూసుకుంటూనే ఉంది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు డ్రైవింగ్ స్కూలు బండి మొరాయించిందని బావ కారు అడిగి పట్టుకెళ్ళాడు. గంట తిరక్కుండానే గుమ్మంలోకొచ్చి పడ్డాడు, ముచ్చెమటలు పోసి.

"బావా! ఏం బండి బావా అది? చేతులు కాస్త వదిలేసరికి కుడికి కోసుకుపోయింది. ఎదురుగా లారీ! నేర్చుకునే పిల్లకి స్టీరింగిచ్చుంటే ఈపాటికి ఇద్దరం పోయేవాళ్ళం."

"కుడికా? నీకేమైనా మతిపోయిందా? తిన్నగా పోతుంటే!"

"కుడికే."

"తిన్నగా పోతోందిరా అంటే!"

టైలరమ్మ కత్తెర బల్లమీద పడేసి లేచింది. "మీ ఇద్దరి గొడవా నా పనికి అడ్డొచ్చింది. పదండి, నేనూ వస్తా. ఎవరిది అబద్ధమో నేనే చూస్తా," అని వెనకసీట్లో ఎక్కి కూర్చుంది.

ముందు తమ్ముడు నడిపాడు. పట్టు వదిలితే చాలు, కారు కుడికి పోతోంది. ఆవిడక్కూడా తెలిసింది. తర్వాత ఆయన కూర్చున్నాడు. అదే రోడ్డు, అదే కారు. తిన్నగా పోయింది. "ఏరా, ఇప్పుడేమంటావ్?" అన్నాడు ఆయన గెలిచినట్టు. ఆవిడ వెనకనుంచి ఆయన భుజాలే చూస్తోంది. ఎంత బాగా కుట్టాను, ఎంత సమానంగా ఉన్నాయి అనుకుంది. ఆ అనుకున్న మరుక్షణమే, ఎడమ భుజం లోపల తను మడతపెట్టి కుట్టిన గుడ్డ గుర్తొచ్చింది.

తిన్నగా షెడ్డుకి పోయారు. పళ్ళడాక్టరు తన బండి కడిగించుకుంటూ అక్కడే ఉన్నాడు. తమ్ముడు మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. "ఏం చేశావ్ ఆ బండికి? మనుషుల్ని చంపుదామనుకున్నావా?"

మెకానిక్ కాసేపు నసిగాడు. తర్వాత తలొంచుకుని చెప్పేశాడు. "బండి మొదట్నుంచీ బాగానే ఉంది అన్నా. సార్ ఊరుకోవడం లేదు. సార్ చేతికి తిన్నగా పోయేలా నేనే కుడికి పెట్టా. ఎవరి చెయ్యి వాళ్ళకి అలవాటు కదా అనుకున్నా. వేరేవాళ్ళు నడుపుతారని అనుకోలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "నా చేతికేమైంది? నా చెయ్యి బానే ఉంది!" అన్నాడు. ఆ మాటంటూ కుడిచెయ్యి ఒక్కటే ఎత్తి చూపించాడు.

టైలరమ్మకి అర్థమైపోయింది. మెకానిక్ బండికి ఏం చేశాడో, తను చొక్కాకి అదే చేసింది. ఆవిడ గబగబా ఆయన దగ్గరికెళ్ళి గుండీలు విప్పడం మొదలుపెట్టింది. "ఏమిటే ఇది, నలుగురిలో!" అని ఆయన వెనక్కి తగ్గాడు. "మీరుండండి," అని చొక్కా తీసేసింది. "ఒరేయ్, నీ చొక్కా ఇవ్వు," అంది తమ్ముడితో. వాడు మారుమాట్లాడకుండా విప్పిచ్చాడు. బజార్లో కొన్న చొక్కా, ఆవిడ చెయ్యిపడనిది. ఆయనకి తొడిగి నిలబెట్టింది. ఎడమ భుజం దిగజారిపోయింది. బయట వెలుతుర్లో, ఏ అడ్డూ లేకుండా, కళ్ళకి కట్టినట్టు కనబడింది.

"కుట్టు తప్పు కాదు," అంది ఆవిడ. "కుట్టు తప్పు కాదండీ. డాక్టరుగారూ, ఒకసారి ఇలా వస్తారా?"

పళ్ళడాక్టరు దగ్గరికొచ్చాడు. పళ్ళదైనా చదువు చదువే కదా. ఎప్పుడో కాలేజీలో చూపించింది గుర్తుతెచ్చుకున్నట్టుంది. "అన్నయ్యా, రెండు చేతులూ ముందుకి చాపి కళ్ళు మూసుకోండి," అన్నాడు. ఆయన చాపాడు. కుడిచెయ్యి అలాగే నిలిచింది. ఎడమచెయ్యి మెల్లగా, ఎవరో కిందకి పిలుస్తున్నట్టు, దిగిపోయింది. ఆయనకి తెలియనే లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ సమానంగా ఉన్నాయనుకుంటూ నిలబడ్డాడు.

పళ్ళడాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమిటి డాక్టరుగారూ? ఏమైంది?" అన్నాడు మెకానిక్.

"తెలీదు," అన్నాడు పళ్ళడాక్టరు.

ఎవరూ నవ్వలేదు. టీ మాట ఎవరికీ గుర్తురాలేదు.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తలకి ఫోటోలు తీశారు. పెద్దడాక్టరు వెలుగుతున్న తెరమీద కుడివైపు చూపించి, తల్లోపల గడ్డ ఉందన్నాడు. కుడిదిక్కు గడ్డ ఎడమదిక్కు ఒంటిని పట్టుకుంటుందని విడమరిచి చెప్పాడు. తర్వాత అడిగాడు. "ఇదివరకు ఏమీ తెలియలేదా అమ్మా? చెప్పు జారడం, భుజం దిగడం, చెయ్యి బరువెక్కడం?"

"తెలిసిందండీ," అంది టైలరమ్మ. "అన్నీ తెలిశాయి. అన్నిటినీ బాగుచేశాం."

పెద్దడాక్టరుకి ఆ మాట అర్థంకాలేదు. ఇంకొంచెం ముందొచ్చుంటే తీసేసే వీలుండేదేమో, ఇప్పుడు బాగా లోపలికి పాకింది, కత్తి పెట్టడానికి లేదు అన్నాడు. మందులు రాసిస్తానన్నాడు. మందులతో ఎంతకాలం అని తమ్ముడు అడిగితే, పెద్దడాక్టరు ఆవిడవైపు ఒకసారి చూసి, మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ వసారాలోకొచ్చి బల్లమీద కూర్చుంది. తమ్ముడు పక్కన నిలబడి, "అక్కా, రోడ్డు వాలు అన్నానే నేను... రోడ్డు వాలని చెప్పానే..." అని తల గోడకేసి కొట్టుకున్నాడు. వాణ్ణి ఓదార్చాలని కూడా ఆవిడకి తోచలేదు.

ఆసుపత్రిలో మంచం పట్టిన తర్వాత ఆయన త్వరగా దిగజారిపోయాడు. ఒకరోజు మెకానిక్ ఆసుపత్రికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, కారు చక్రాలు మళ్ళీ సరిచేశానమ్మా, ఇప్పుడు ఎవరు నడిపినా తిన్నగా పోతుంది," అన్నాడు. ఏదో ఒకటి బాగుచేసి ఇవ్వాలని వాడి ఆరాటం, పాపం. టైలరమ్మ ఉగ్రురాలైపోయింది. "ఎవడడిగాడు నిన్ను? దానికి రోగమెప్పుడుంది?" అని వార్డంతా వినబడేలా అరిచింది. వాడు ఏడుస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాణ్ణని ఏం లాభం అని తర్వాత ఆవిడే కుమిలిపోయింది.

ఎడమవైపంతా ఆయన చేతుల్లోంచి జారిపోయింది. చెయ్యీ కాలూ సరే, అవి పడిపోతాయని డాక్టరు ముందే చెప్పాడు. అసలు ఎడమ అనేది ఒకటుందన్న సంగతే ఆయన తలకి ఎక్కడంలేదని కూడా చెప్పాడు. పళ్ళెంలో కుడివైపున్నది తిని, ఎడమవైపున్నది అలాగే ఉంచి, ఇంకాస్త పెట్టమనేవాడు. గడ్డం కుడిచెంపకే గీసుకునేవాడు. నర్సు ఎడమనుంచి వచ్చి సూది వేస్తే, ఎవరో గుచ్చారని కుడివైపు చూసేవాడు. టైలరమ్మ డాక్టరు మాట విన్నది గానీ, డాక్టర్లు ఏవో చెబుతారులే అనుకుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ ఆవిడ మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది. పడిపోయిన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నూనె రాసి, ఒక్కో వేలూ మెల్లగా లాగుతూ, ఇంటి సంగతులన్నీ చెబుతోంది. ఎవరి బట్టలు కుట్టిందో, ఎవరు బేరమాడారో, షాపు తాళం తమ్ముడి దగ్గరుందనీ. ఆయన పలకలేదు. నిద్రమత్తులో ఉన్నాడేమో అనుకుంది. మధ్యాహ్నం తమ్ముడొచ్చి మంచానికి కుడిపక్కన నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే ఆయన కళ్ళు వెలిగాయి.

"వచ్చావా! మీ అక్కేదిరా?" అన్నాడు.

తమ్ముడు ఆవిడవైపు చూశాడు.

"పొద్దున్నుంచీ లేదురా," అన్నాడు ఆయన. గొంతులో బెంగ ఉంది. "నామీద కోపమొచ్చిందేమో. ఏమైనా అన్నానా నేను? నాకు గుర్తులేదు."

"ఇక్కడే ఉన్నానండీ," అంది ఆవిడ ఆయన చెయ్యి నొక్కి పట్టుకుని.

ఆయన ఆ గొంతు విన్నాడు. విని కుడివైపు తలుపు దగ్గర వెతికాడు, కిటికీ దగ్గర వెతికాడు, తమ్ముడి వెనక వెతికాడు. "గొంతు వినబడుతోందిరా. మనిషేదీ? లోపలికి రమ్మను," అన్నాడు.

ఆవిడ ఒళ్ళోంచి ఆ చేతిని తీసి దుప్పటిమీద పెట్టింది. లేచి, మంచాన్ని పట్టుకుంటూ కాళ్ళవైపునుంచి చుట్టుతిరిగి కుడిపక్కకి వచ్చింది. తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వచ్చావా," అన్నాడు ఆయన, ప్రాణం లేచొచ్చినట్టు. "ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?"

ఎడమపక్కనే ఉన్నానని ఏ నోటితో చెబుతుంది? ఆయన లోకంలో ఆ పక్కే లేదు.

"పనుండి ఇంటికెళ్ళానండీ," అంది.

"చెప్పి వెళ్ళాలి కదే. నేనెంత భయపడ్డానో తెలుసా?"

"తప్పయిపోయింది. ఇంకెప్పుడూ వెళ్ళను."

"వెళ్ళకు," అన్నాడు ఆయన. కుడిచేత్తో ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన నిద్రపోయేదాకా బిగబట్టుకుని, ఆ తర్వాత ఆవిడ ఆ మంచంమీద తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.